కరెంటు బండి కొందామా... ఇంకొన్నాళ్లు ఆగుదామా?

సిగ్నల్ దగ్గర పచ్చ నంబరు ప్లేటు స్కూటర్ ఆగిందంటే పక్క బండి మీదున్న మనిషి హెల్మెట్ అద్దం పైకెత్తి ఏదో ఒకటి అడుగుతాడు. అడిగే ప్రశ్న మాత్రం ఏడాదికేడాదికీ మారుతూ వచ్చింది. 2021లో ‘‘ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతొస్తది అన్నా?’’ అనేవాళ్లు. 2022 వేసవిలో ‘‘పేలదు కదా?’’ అన్నారు. మరుసటి ఏడాది ‘‘సబ్సిడీ కోసేశారట కదా, ఎంత పడింది?’’ అని ఆరా తీశారు. ఇప్పుడు అమీర్‌పేటలోనైనా, విజయవాడ బెంజి సర్కిల్‌లోనైనా ఎక్కువగా వినపడే మాట ఒక్కటే: ‘‘సర్వీసు ఎలా ఉంది?’’

దేశంలో 2024-25 ఆర్థిక సంవత్సరంలో 11 లక్షలకు పైగా కరెంటు ద్విచక్ర వాహనాలు రిజిస్టరయ్యాయి. రోడ్డెక్కిన కొత్త ద్విచక్ర వాహనాల్లో ఇవి నూటికి ఆరు. వీధి చివర కిరాణా కొట్టు ముందు, బడి గేటు దగ్గర, ఆఫీసు పార్కింగులో ఎక్కడ చూసినా ఒకటో రెండో కనపడుతున్నాయి కాబట్టి వాడకం ఇంతకంటే ఎక్కువనిపిస్తుంది. మిగతా తొంభై నాలుగు మందిని పాతకాలపు మనుషులనో, మార్పంటే భయపడేవాళ్లనో అనుకోవడం తప్పు. చాలామంది షోరూమ్ దాకా వెళ్లి, ఒక రౌండు తోలి చూసి, కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని వచ్చినవాళ్లే. బండి నడుస్తుందా అన్న అనుమానం వాళ్లకు దాదాపు తీరిపోయింది. నడిరోడ్డు మీద ఆగితే ఎవరొస్తారు, రాత్రిళ్లు ఎక్కడ పెట్టి ఛార్జ్ చేయాలి అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయారు.

అనుమానానికి పాత కారణం కూడా ఉంది. 2007 నుంచి 2010 దాకా ‘బ్యాటరీ స్కూటర్లు’ ఒక విడత వచ్చి పోయాయి. సీసం బ్యాటరీ, గంటకు పాతిక కిలోమీటర్ల వేగం. కొన్న ఏడాదిన్నరకే బ్యాటరీ చచ్చిపోయేది. కొత్తది వేయించాలంటే బండి ధరలో పెద్ద వాటా పోయాల్సి వచ్చేది. అమ్మిన దుకాణం అప్పటికే ఎత్తేసి ఉండేది. ఆ బళ్లు మూలన పడటం కళ్లారా చూసిన తండ్రులే ఇవాళ కొడుకు కరెంటు స్కూటర్ అనగానే ‘‘ఇంకో ఏడాది ఆగరా’’ అంటున్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం.

బంకు దగ్గర వేసే లెక్క

కొన్నవాళ్లను ఎందుకు కొన్నారని అడిగితే పర్యావరణం మాట నాలుగో కారణంగానో అయిదో కారణంగానో వస్తుంది. మొదటిది ఎప్పుడూ పెట్రోలే. హైదరాబాద్‌లో లీటరు ధర 2022 నుంచి 107 రూపాయల కిందికి దిగలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనైతే 119 దాటింది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటర్‌కు కిలోమీటరుకు రెండు రూపాయల నలభై పైసలు పడుతుంది. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న కరెంటు స్కూటర్‌ను నిండా ఛార్జ్ చేయడానికి, నష్టాలు కలుపుకొని, మూడున్నర యూనిట్ల లోపే ఖర్చవుతాయి. ఊళ్లో వాడకంలో అది దాదాపు తొంభై కిలోమీటర్లు తిరుగుతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు ముప్పై పైసలు.

రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే ఉద్యోగికి పెట్రోలైతే 1,800 రూపాయలు, కరెంటైతే 225. నెలకు పదిహేను వందలకు పైగా మిగులు. బండి ధరలో పాతిక ముప్పై వేలు ఎక్కువ పెట్టినా ఏడాదిన్నర, పోనీ ఇరవై నెలల్లో చేతికొచ్చేస్తుంది. అదే ఇంటికీ బడికీ కూరగాయల మార్కెట్‌కీ కలిపి రోజుకు ఎనిమిది కిలోమీటర్లు కూడా తిరగని పంతులుగారికి మిగిలేది నెలకు నాలుగు వందల పైచిల్లర. ఆయన డబ్బు వెనక్కి రావాలంటే ఆరేళ్లు పడుతుంది. ‘అందరూ కొంటున్నారు’ అని కొనేవాళ్లకు షోరూమ్‌లో ఈ లెక్క ఎవరూ చెప్పరు. తక్కువ తిరిగేవాళ్లు ఆగడంలో తప్పేమీ లేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోలు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. స్కూటర్ల ధర ఏడెనిమిది వేల దాకా తగ్గింది. కరెంటు బళ్ల మీద ఎప్పట్నుంచో ఉన్న 5 శాతమే కొనసాగుతోంది కాబట్టి రెండింటి మధ్య తేడా ఆ మేరకు కుదించుకుపోయింది.

ఈ లెక్కను అందరికంటే ముందు పట్టుకున్నది ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే మనిషికి పెట్రోలు మీద పోయే 240 రూపాయలు రోజు కూలిలో పెద్ద ముక్క. సొంతంగా కొనే స్తోమత లేనివాళ్లు వారం అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. హోటల్ ముందు ఆర్డర్ కోసం నిలబడ్డప్పుడు వాళ్ల కళ్లు బ్యాటరీ శాతం మీదే ఉంటాయి. ఎండలో, వానలో, మెట్రో పనుల గుంతల్లో, ఫ్లైఓవర్ల మీద ఈ బళ్లు పగలూ రాత్రీ తిరగడం జనం చూశారు. ప్రకటనల కంటే ఆ కుర్రాళ్ల టైర్లే కరెంటు బండి మీద నమ్మకం పెంచాయి.

తెలంగాణలో పేదింటి లెక్కలో ఇంకో మెలిక ఉంది. గృహజ్యోతి పథకం కింద రెండు వందల యూనిట్ల లోపు వాడే అర్హులకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. నెలంతా తిరిగే స్కూటర్ ఛార్జింగుకు దాదాపు ముప్పై యూనిట్లు కావాలి. ఇప్పటికే నూట ఎనభై వాడుతున్న ఇంట్లో బండి ప్లగ్గు పెడితే గీత దాటిపోతుంది. అప్పుడు ఆ ముప్పైకే కాదు, మొత్తం యూనిట్లకూ డబ్బు కట్టాలి. అందుకే కొందరు గృహిణులు వేసవిలో కూలర్ నడిచే నెలల్లో ‘‘బండి ఆఫీసులోనే ఛార్జ్ చేసుకుని రా’’ అని భర్తలకు ముందే చెప్పేస్తున్నారు.

భయం ఊరికే పుట్టలేదు

2022 ఏప్రిల్‌ను తెలుగు రాష్ట్రాలు మరిచిపోలేవు. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయారు. రోజుల వ్యవధిలో విజయవాడలో పడకగదిలో ఛార్జవుతున్న బ్యాటరీ పేలి నలభై ఏళ్ల వ్యక్తి ప్రాణాలు కోల్పోయారు. ఆయన భార్యాపిల్లలు కాలిన గాయాలపాలయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిలో పై అంతస్తులకు కమ్ముకుంది. ఊపిరాడక ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లు స్కూటర్ కొన్నవాళ్లు కాదు, ఏదో పని మీద ఊరికి వచ్చి గది తీసుకున్నవాళ్లు.

ఆ రోజుల్లో ఆర్డరు ఇచ్చినవాళ్లు అడ్వాన్సులు వెనక్కి అడిగారు. అప్పటికే బండి ఉన్నవాళ్లు దాన్ని వరండాలోంచి తీసి వీధిలో పెట్టారు. దేశంలో మూడు కంపెనీలు ఆరు వేలకు పైగా బళ్లను వెనక్కి పిలిపించుకున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ డీఆర్‌డీఓ నిపుణుల చేత దర్యాప్తు చేయించింది. బ్యాటరీ కూర్పులో లోపాలు బయటపడ్డాయి. ఏఐఎస్ 156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి 2022 డిసెంబరు నుంచి ఒక దఫా, 2023 మార్చి 31 నుంచి రెండో దఫా అమలులోకి తెచ్చారు. ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌కు పాకకుండా చూడటం, ముందే హెచ్చరిక ఇవ్వడం, ఛార్జర్ అతిగా కరెంటు పంపకుండా ఆపడం వంటివి అందులోనివే. ఇవాళ పేరున్న కంపెనీల బళ్లు ఆ పరీక్షలు దాటి వస్తున్నాయి. వేడిని కాస్త ఎక్కువ తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలూ పెరిగాయి.

అయినా జనం జాగ్రత్త వదల్లేదు, వదలకూడదు. రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకుండా గంటసేపు చల్లారనివ్వడం వాడకందార్లు ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకున్నారు. లిథియం సెల్‌కు వేడి పడదు కాబట్టి అది సరైన అలవాటే. షోరూమ్‌లో బండి తాళం చేతికిచ్చేటప్పుడు ఫొటో తీసి శాలువా కప్పే శ్రద్ధలో సగం ఈ మాట చెప్పడం మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

అమ్మేటప్పటి నవ్వు, ఆ తర్వాత

నిప్పు భయం తగ్గేసరికి డబ్బు దెబ్బ తగిలింది. ఫేమ్-2 పథకం కింద కిలోవాట్ అవర్‌కు 15 వేలుగా, బండి ధరలో 40 శాతం దాకా ఇచ్చిన సబ్సిడీని కేంద్రం 2023 జూన్ 1 నుంచి 10 వేలకు, 15 శాతానికి తగ్గించింది. బళ్ల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. మే నెలలో లక్ష దాటిన అమ్మకాలు జూన్‌లో 46 వేల దగ్గరికి పడిపోయాయి. ఈ అమ్మకాలు దేన్ని నమ్ముకుని నడుస్తున్నాయో ఆ ఒక్క నెల చెప్పేసింది. తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సాయం మొదటి ఏడాది కిలోవాట్ అవర్‌కు 5 వేలు, రెండో ఏడాది 2,500కు దిగింది. తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. హైదరాబాద్ షోరూముల్లో బేరం తెగేది చాలాసార్లు ఈ మాట దగ్గరే.

సబ్సిడీ నిబంధనలు పాటించలేదని 2023లో కొన్ని కంపెనీల మీద కేంద్రం చర్య తీసుకుని, ఇచ్చిన సొమ్ము వెనక్కి కట్టమంది. వాటిలో కొన్ని కోలుకోలేదు. ఆ పేర్లతో బళ్లు కొన్నవాళ్ల గతేమిటి? డిస్‌ప్లే పోతే డిస్‌ప్లే లేదు, కంట్రోలర్ పోతే కంట్రోలర్ లేదు. జిల్లా కేంద్రాల్లో మూతపడ్డ షోరూమ్ షట్టరు ముందు నిలబడి పాత బోర్డు మీది ఫోన్ నంబరుకు మళ్లీ మళ్లీ చేసినవాళ్లు ఎందరో. కిస్తీలు మాత్రం ఆగలేదు.

పెద్ద కంపెనీల్లోనూ కథ సజావుగా నడవలేదు. 2021 ఆగస్టు 15న ఎస్1 స్కూటర్‌తో అట్టహాసంగా వచ్చిన ఓలా ఎలక్ట్రిక్ అమ్మకాల్లో మొదటి స్థానానికి దూసుకెళ్లింది. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద 10,644 ఫిర్యాదులు అందాయని చెబుతూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో నోటీసు పంపింది. 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ బదులిచ్చింది. కలబురగిలో ఒక కొనుగోలుదారు కోపంతో షోరూమ్‌కే నిప్పు పెట్టిన వార్త అంతకు నెల ముందే దేశమంతా చూసింది. 2025 ఏప్రిల్‌కల్లా టీవీఎస్ ముందుకొచ్చింది. బజాజ్ చేతక్ కూడా ఎగబాకింది. టీవీఎస్ ఐక్యూబ్, చేతక్ రెండూ 2020 జనవరిలోనే వచ్చినా మొదట్లో నెమ్మదిగానే కదిలాయి. పట్టణానికొక డీలరు, దశాబ్దాలుగా తెలిసిన పేరు, తలుపు తట్టడానికి ఒక గుమ్మం... కొనేవాళ్లు చూసింది వీటినే. ఏథర్ లాంటి కొత్త కంపెనీ కూడా నిదానంగా సర్వీసు కేంద్రాలు పెంచుకుంటూ నిలదొక్కుకుంది. ఫీచర్ల జాబితా చూసి మురిసిన జనం అనుభవంతో లెక్క మార్చుకున్నారు. మార్కెట్‌కు ఇంతకంటే ఆరోగ్యకరమైన మార్పు ఉండదు.

రోడ్డు పక్క మెకానిక్‌లను ఈ కథలోంచి తప్పించలేం. స్పార్క్ ప్లగ్గు తుడిచి, కార్బొరేటర్ విప్పి, చెవితో ఇంజను జబ్బు పట్టేసే మనిషికి కరెంటు బండి దగ్గర చేయడానికేమీ దొరకడం లేదు. బ్రేకు, టైరు, బేరింగు వరకే ఆయన పని. ఆ పైన ఏ తప్పున్నా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ తగిలిస్తేనే బయటపడుతుంది. కంపెనీలు ఆ తాళం తమ దగ్గరే ఉంచుకున్నంత కాలం సర్వీసు కోసం క్యూలు తగ్గవు, మెకానిక్ కుటుంబానికి దారీ దొరకదు. ఐటీఐలలో ఈ పని నేర్పి, విడిభాగాలు బయట అమ్మేలా కంపెనీలను ఒప్పించడం సబ్సిడీ కంటే ముఖ్యమైన పని.

సెల్లార్‌లో పంచాయితీ

రాత్రి పదింటికి కూకట్‌పల్లిలో ఏ పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా ఒక దృశ్యం కనపడుతుంది. స్తంభానికి వాచ్‌మన్ గది నుంచి లాగిన ఒక బోర్డు. దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, చుట్ట సగమే విప్పి ఉంటుంది. టేపు చుట్టిన జాయింటు దాటి వెళ్తే ఛార్జరు, దాని మీద మినుకుమినుకుమంటున్న పచ్చ దీపం, పక్కన స్కూటర్. చుట్ట విప్పని వైరులో గంటల తరబడి కరెంటు పారితే వేడెక్కుతుంది. ప్రమాదం బ్యాటరీలోనే ఉందనుకునేవాళ్ల కళ్లు ఈ వైరు మీద పడవు.

‘‘కామన్ మీటరు కరెంటుతో వాళ్ల బళ్లేంటి?’’ అని ఒక ఫ్లాటు వాళ్లు అడుగుతారు. ‘‘లిఫ్టు వాడని కింది ఇంటివాళ్లు లిఫ్టు బిల్లు కట్టడం లేదా?’’ అని ఇంకొకరు ఎదురంటారు. సికింద్రాబాద్ ప్రమాదం తర్వాత సెల్లార్‌లో ఛార్జింగే వద్దని తీర్మానించిన సంఘాలూ ఉన్నాయి. ఆ భయాన్ని తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పాలి. సబ్ మీటరు, పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు, ఎంసీబీ పెట్టిస్తే డబ్బు తగవూ తీరుతుంది, వైరు ప్రమాదమూ తగ్గుతుంది. నిషేధిస్తే బండి పోదు, మూడో అంతస్తు బాల్కనీ నుంచి వైరు వేలాడుతుంది. ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. కొత్త భవనాల పార్కింగులో అయిదో వంతు ఛార్జింగుకు అనువుగా ఉండాలని 2019లో నమూనా నిబంధనలు మార్చారు. పాత భవనాల గురించి పట్టించుకున్నవాళ్లు లేరు. జనం ఉంటున్నది ఎక్కువగా వాటిలోనే.

విచిత్రం ఏమిటంటే పల్లెలో పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ సొంత ఇల్లుంటుంది, వసారా ఉంటుంది, అరుగు పక్కనే స్విచ్ బోర్డు ఉంటుంది. ప్లగ్గుకు ఎవరినీ అడగక్కర్లేదు. కానీ సర్వీసు కేంద్రం యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, జిల్లా కేంద్రంలో. బండి మొరాయిస్తే ట్రాలీ ఆటో ఎక్కించి తీసుకెళ్లాలి. పైగా పల్లె అడిగేది స్కూటర్‌ను కాదు, టీవీఎస్ ఎక్సెల్ లాంటి బండిని. గడ్డి మోపు, పాల క్యాన్లు, ఎరువుల బస్తా ఏది వేసినా కిక్కురుమనకుండా మోయాలి. 2024 ఫిబ్రవరిలో పాత లూనా మోపెడ్ కరెంటు రూపంలో తిరిగొచ్చినా ఎక్సెల్ స్థానం చెక్కుచెదరలేదు.

తిరుపతిలో కరెంటు బండికి జనం పెట్టుకున్న పరీక్ష వేరు: ‘‘కొండెక్కుతుందా?’’ ఎక్కుతుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఇద్దరు మనుషులతో కలిపి 260 కిలోల బరువును అంత పైకి చేర్చడానికి కావాల్సింది అర యూనిట్ కరెంటు. మోటారులో పోయేది, దారి ఖర్చు కలుపుకొన్నా మూడు యూనిట్ల బ్యాటరీకి అది మోయలేని భారం కాదు. దిగేటప్పుడు కొన్ని బళ్లు కాస్త వెనక్కి నింపుకుంటాయి కూడా. ఇలాంటి నిజమైన లెక్క చేతిలో ఉంటే కంపెనీ ముద్రించిన కిలోమీటర్ల అంకె చూసి మోసపోవడం ఉండదు. పరీక్ష ట్రాక్ మీద తేల్చిన ఆ అంకెలో నూటికి డెబ్బై వస్తే అదే సిసలైన మైలేజీ అని వాడినవాళ్లు చెబుతారు.

అద్దె ఇంటివాళ్ల సంగతి ఇంకా మిగిలే ఉంది. మెట్ల కింద బండి పెట్టుకుని రెండో అంతస్తులో సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్‌లో ఉండే కుటుంబానికి, యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉండే కుర్రాడికి పెట్రోలు ఆదా అందరికంటే ఎక్కువ అవసరం. ఓనరు ఒప్పుకోకపోతే వాళ్లకు ప్లగ్గు లేదు. పది పన్నెండు కిలోల బ్యాటరీని విప్పి మోసుకెళ్లే బళ్లు కొంత దారి చూపుతున్నాయి గానీ రోజూ మెట్లెక్కి మోయడం అందరి వల్లా కాదు. బయట ఛార్జ్ చేద్దామంటే ఒక కంపెనీ స్టేషన్ ప్లగ్గు ఇంకో కంపెనీ బండికి పట్టదు. స్కూటర్లన్నింటికీ పనికొచ్చే ఉమ్మడి కనెక్టర్ ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 2023లోనే ఆమోదించింది. దాన్ని వాడి తీరాలన్న నిబంధన లేక ఎవరి ప్లగ్గు వాళ్లదే అయింది.

చవక ఛార్జింగ్ పాయింటు ఆలోచన కూడా కొత్తది కాదు. కిరాణా కొట్టు ముందు, టీ బంకు పక్కన, పార్కింగ్ గోడకు బిగించి, ఫోనుతో డబ్బు కట్టి వాడుకునే మూడు కిలోవాట్ల పాయింటును 3,500 రూపాయల లోపు తయారు చేయాలన్న లక్ష్యంతో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నీతి ఆయోగ్ 2021లో కసరత్తు చేశాయి. అదే ఏడాది దానికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. మన గల్లీల్లో వెతికితే అలాంటిది దొరకడం అరుదు. ప్రభుత్వాల దృష్టి హైవే పక్కన కార్లకు పెట్టే పెద్ద స్టేషన్ల మీదే ఉంది. రోడ్డు పన్ను మాఫీలో ప్రతి బండి మీదా వేల రూపాయలు వదులుకుంటున్న సర్కారుకు, వార్డుకు యాభై కొట్ల ముందు ఈ పాయింట్లు పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. జీహెచ్‌ఎంసీ అయినా, విజయవాడ, విశాఖ కార్పొరేషన్లయినా డిస్కంలతో కూర్చుని ఒక్క వార్డులో మొదలుపెట్టి చూడాలి. షోరూమ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చిన అద్దె ఇంటి మనుషులు ఎదురుచూస్తున్నది దాని కోసమే.